నలభై రెండు సైకస్ గింజలు, ఒక తప్పు రిపోర్టు

ముప్పై ఒక్క సంవత్సరాలు నేను తడి కాగితం మీద మొలకలు లెక్కబెట్టి జీతం తీసుకున్నాను. మా మేనకోడలు ఇప్పటికీ ఎవరైనా అడిగితే "మా అత్త వడ్లు ఎంచే ఉద్యోగం చేసినాది" అని చెబుతుంది. అందులో అబద్ధం ఏమీ లేదు. తిరువళ్ళూరులో ఒక చిన్న విత్తనాల కంపెనీ ఉండేది, ఇప్పుడు మూతపడింది. దాని ల్యాబ్‌లో నేను విత్తన పరీక్షలు చేసేదాన్ని.

మా వీధిలో ఒక అమ్మాయి వ్యవసాయం డిప్లొమా ముగించి ఇలాంటి ల్యాబ్‌లోనే చేరబోతూ, ఏం నేర్చుకుని పోవాలి ఆంటీ అని అడిగింది. ఆ అమ్మాయి కోసమే ఇది రాస్తున్నాను. ఆమెకు అరవం చదవడం వచ్చినంత బాగా తెలుగు చదవడం రాదు, కూడబలుక్కోవాలి. అందుకని చిన్న వాక్యాలు రాస్తాను. నాకు ప్రమోషన్ ఎప్పుడు వచ్చింది, ఎవరు అడ్డం పడ్డారు అనే పురాణం ఇక్కడ లేదు. చేసిన తప్పులున్నాయి. అవైతే పనికొస్తాయి.

పని అంటే ఇదే

సంచిలోంచి గింజలు తీస్తావు. నూరు నూరు లెక్కపెట్టి తడి కాగితంలో చుట్టి పెడతావు. కొన్ని రోజుల తర్వాత విప్పి చూస్తావు. మంచి మొలక ఒక పక్క, వంకర మొలక ఒక పక్క, మొలవనిది ఒక పక్క, కుళ్ళినది ఒక పక్క. మొలవని గింజను బ్లేడుతో నిలువునా కోసి లోపల పిండం ఉందా లేదా చూస్తావు. మళ్ళీ మరుసటి రోజు అదే పని.

విసుగు పుడుతుంది. పుట్టదని చెప్పేవాళ్ళ మాట నమ్మొద్దు. నూరో గింజ దగ్గర కన్ను ఆగుతుంది కానీ మనసు మధ్యాహ్నం కూరలో ఉంటుంది. ఈ ఉద్యోగంలో తప్పులన్నీ అక్కడే జరుగుతాయి. తెలియక చేసేవి తక్కువ, "ఇదేముందిలే, చూసిందేగా" అని చేసేవి ఎక్కువ.

వెంగల్ వడ్లు

నేను చేరిన కొత్తలో వెంగల్ నుంచి ఒక రైతు కోత కోసిన వారానికే వడ్లు తెచ్చాడు. మరుసటి పైరుకు అవే చల్లుకోవాలని ఆయన ఆశ. కాగితంలో చుట్టిపెట్టాను. ముప్పాతిక వంతు గింజలు కదల్లేదు. "చచ్చిన గింజలు" అని పుస్తకంలో రాసేశాను.

మా మేనేజరు వేణుగోపాల్ సార్ అరవాయన. నాతో తెలుగే మాట్లాడేవాడు, నడుమ అరవం మాటలు కలిపి, తన పద్ధతిలో. పుస్తకం చూసి కళ్ళజోడు తీశాడు. ఆయన కళ్ళజోడు తీస్తే ల్యాబంతా ఒక్క అడుగు వెనక్కి వేసేది.

"వసంతా, చచ్చిపోయిందని ఎవరు సొన్నది? గింజ వచ్చి నీకు చెప్పిందా?"

"మొలవలేదు సార్."

"ఆ, అది రాయి. మొలవలేదు. నువ్వు చూసింది అంతే గదా? చచ్చింది అనేది నీ కట్టుకథ. పచ్చి వడ్లమ్మా ఇది, నిద్దర పోతా ఉంటాది. సుమ్మా వెచ్చగా పెట్టి మళ్ళా చూడు."

వెచ్చటి చోట నాలుగైదు రోజులు ఆరబెట్టి మళ్ళీ చుట్టిపెడితే, అవే వడ్లు దాదాపు అన్నీ మొలిచాయి. రైతు వచ్చి దండం పెట్టబోతే నాకు సిగ్గేసి స్టోరు రూంలోకి పోయాను. చూసింది వేరు, చూసిందాన్నిబట్టి అనుకున్నది వేరు అని ఆ రోజే నేర్చుకున్నాను. నేర్చుకున్నాననే అనుకున్నాను. ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత అదే తప్పు ఇంకా పెద్దగా చేశాను. మిగతాదంతా ఆ సంగతే.

మునిలక్ష్మక్క చెట్టు

తిరుత్తణి దాటాక రోడ్డు పక్కన మునిలక్ష్మక్కకు ఒక చిన్న నర్సరీ ఉంది. కనకాంబరం, మల్లె, మామిడి అంట్లు అమ్ముతుంది. నాకు దూరపు చుట్టం, వరుసకు అక్క. నోరు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది. ఆ నర్సరీకి పోయి ఖాళీ చేతులతో వచ్చినవాళ్ళు లేరు.

ఆ నర్సరీ గేటు పక్కన ఒక సైకస్ చెట్టు ఉండేది. చూడటానికి ఈతచెట్టులాగా ఉంటుంది. దాని ఆకులు పెళ్ళి పందిళ్ళకు కట్టడానికి వాడతారు. ఆ ఒక్క చెట్టు ఆకు మాత్రం అక్క ఎవరికీ ఇచ్చేది కాదు. నర్సరీ తెరిచిన నాడు వాళ్ళాయన తన చేత్తో నాటిన మొక్క అది. ఆయన పోయి అప్పటికి తొమ్మిదేళ్ళు.

ఒకరోజు అక్క నాకు ఫోన్ చేసింది.

"ఏమ్మా వసంతా, నువ్వు ఇత్తనాల డాక్టరమ్మవి గదా. రోడ్డు వెడల్పు చేస్తా ఉండారు. వచ్చే యేడికి నా చెట్టు ఉండేది లేదంట. దానికి పిలకలు గూడా లేవు. పోయినసారి గుడ్డు గుడ్డు గింజలు ఇచ్చినాది, అన్నీ పూడ్చినా, ఒగటీ రాలా. దాని పిల్ల ఒగటన్నా నాకు కావాల. ఏం చేసేది చెప్పు."

పోయి చూశాను. చెట్టు నడినెత్తిన గోధుమరంగు నూగుతో చిన్న చిన్న ఆకుల గుత్తి మళ్ళీ లేస్తోంది. ఆ ఆకుల అంచున బఠాణీల్లా అండాలు బయటికే కనబడుతున్నాయి.

"అక్కా, ఇది ఆడచెట్టు. మొగచెట్టు యాడన్నా ఉండాదా చుట్టుపక్కల?"

"మొగచెట్టా? బొప్పాయి మాదిరా?"

"బొప్పాయి మాదిరే."

"అయ్యో కడవులే, దేవుడా! ఇన్నేండ్లూ ఒంటరిగానా ఇది!" అని అక్క చెట్టు బోదె మీద చెయ్యి వేసి నిలబడిపోయింది.

ఇక్కడ కొంచెం చదువు చెప్పాలి, ఓపిక పట్టు. మనం రోజూ చూసే వరి, వంకాయ, మామిడి అన్నీ పువ్వు పూసేవి. వాటిలో అండం పువ్వు అడుగున ఒక గదిలో దాగి ఉంటుంది. ఆ గదే కాయ అవుతుంది. సైకస్ లాంటివాటికి పువ్వు లేదు, కాయ లేదు. అండం ఆకు అంచున ఆరుబయట కూర్చుని ఉంటుంది. అందుకే వీటిని వివృత బీజాలు అంటారు. పైన్ చెట్లూ ఈ జాతివే. మన పొన్నేరి, ఆరంబాక్కం వైపు సరుగుడు తోపులు చూసి అవీ పైన్ చుట్టాలే అనుకునేవాళ్ళు డిగ్రీ చదివినవాళ్ళలో కూడా ఉన్నారు. సరుగుడుకు పువ్వు ఉంది. చిన్నది కాబట్టి కనబడదు, అంతే.

పొన్నేరి పుప్పొడి

మగచెట్టు కోసం తెలిసినవాళ్ళందరినీ అడిగాను. చివరికి పొన్నేరిలో ఒక రిటైరైన స్కూలు టీచరమ్మ ఇంటి ముందు దొరికింది. మగ సైకస్ నడినెత్తిన జానెడుకు మించిన పొడవుతో కంకి లేస్తుంది. పుప్పొడి రాలే రోజుల్లో అది ఘాటుగా వాసన కొడుతుంది. ఆ వాసనకే పురుగులు చేరి పొడి మోసుకుపోతాయి. టీచరమ్మ దాన్ని నరికి పారేయించబోతుండగా నేను పోయాను.

"తీసుకుని పోమ్మా, పుణ్యముంటాది. మా ఇంటికి నలుగురు వచ్చి వారమాయె!" అంది ఆవిడ ముక్కు మూసుకుని.

కంకిని దినపత్రిక మీద దులిపాను. పసుపురంగు పొడి గుప్పెడు రాలింది. దాన్ని ఆరబెట్టి, మాత్రల సీసాలో వేసి, మందుల డబ్బాల్లో వచ్చే తేమ పీల్చే పొట్లం ఒకటి పడేశాను. పొన్నేరిలో లోకల్ రైలెక్కి, సెంట్రల్‌లో దిగి, తిరుత్తణి రైలెక్కాను. దారంతా సీసా పట్టుకున్న చెయ్యి ఒళ్ళోంచి తీయలేదు. పక్కన కూర్చున్నావిడ "నగలా?" అని అడిగింది. అవునన్నాను.

మరుసటి ఉదయం నర్సరీలో నిచ్చెన వేసుకుని ఎక్కాను. భూతద్దంలో చూస్తే ప్రతి అండం కొనన మంచుబొట్టంత ద్రవం మెరుస్తోంది. ఆ చుక్కే తలుపు. పుప్పొడి దాని మీద పడితే, చుక్క ఆరుతూ లోపలికి పోతూ పొడిని కూడా తనతో లాక్కుపోతుంది. చెవి కడిగే రబ్బరు బుర్రలో పొడి పోసి బుస్సుమని ఊదాను. మూడు రోజులు వరసగా అదే పని. కింద నిచ్చెన పట్టుకున్న అక్క నెత్తి నిండా పసుపు.

"మంచి పెండ్లే చేస్తా ఉండావు," అంది అక్క. "పిల్లోడు సీసాలో వచ్చినాడు."

ఈ పెళ్ళికి నేను చదువుకుని పోయినది ఎంతో చెబితే నవ్వుతావు. మా కాలేజీ పుస్తకంలో సైకస్ పాఠం తీసి, పుప్పొడి చుక్క దగ్గరికి వచ్చేదాకా చదివాను. తర్వాతి పేజీ తిప్పలేదు. విత్తనాల్లో పండిపోయినదాన్ని, పొడి పడ్డాక ఏమవుతుందో నాకొకరు చెప్పాలా అనుకున్నాను.

బ్లేడు

ఆ వేసవి గడిచింది, వానలు గడిచాయి. గింజలు ఊరి, నారింజరంగుకు తిరిగి, జనవరిలో రాలాయి. అక్క ఒక్కటి కూడా తన దగ్గర ఉంచుకోలేదు. నలభై రెండింటినీ సంచిలో వేసుకుని తిరువళ్ళూరు వచ్చింది. "నా చేతిలో ఉంటే ఏదో ఒగటి చేసి చంపేస్తా. నీ దగ్గర్నే మొలిపించి ఇయ్యి," అంది.

పైతోలు తీసి పన్నెండు గింజలు కోశాను. ఒక్కొక్కటీ తెల్లగా, గట్టిగా, నిండుగా ఉంది. నడుమ పిండం ఉండాల్సిన చోట మాత్రం ఏమీ లేదు. ఒకటి, రెండు, మూడు, పన్నెండూ అంతే. అన్నం వండి విస్తరి వేసి, తినేవాళ్ళు రాలేదన్నట్టు ఉంది.

వరి బుర్రతో ఆలోచించాను. వరిలో పుప్పొడి పడిన మరుసటి రోజుకల్లా ఫలదీకరణ ముగిసిపోతుంది. పుప్పొడిలోంచి వచ్చే రెండు మగ కణాల్లో ఒకటి అండంలోని ఆడ కణంతో కలిసి పిండమవుతుంది, రెండోది పిండానికి తిండి తయారవడానికి కారణమవుతుంది. రెండూ ఒకేసారి. కలవకపోతే తిండీ లేదు, గింజ తాలు. అంటే గింజ నిండేటప్పటికి పిండం ఉండి తీరాలి. ఇక్కడ లేదు కాబట్టి పుప్పొడి పట్టలేదు, నేను చేసిన పెళ్ళి చెడిపోయింది. మిగిలిన ముప్పైని కొయ్యకుండానే కాగితం మీద రాశాను: అన్నీ తాలు, జీవం లేదు. మా ల్యాబ్ ఊడ్చే సరసతో వాటిని పారేయమన్నాను.

అక్కకు ఫోన్లోనే చెప్పాను. "సరి పో, నువ్వేం చేస్తావులే," అంది. తిట్టి ఉంటే బాగుండేది.

గింజల ఆశ పోవడంతో చెట్టునే పెకలించి వెనక పొలంలో నాటించింది. జేసీబీ వచ్చి తీసింది. గేటు పక్కన కాలువ గోడ కింద ఇరుక్కున్న వేళ్ళు తెగిపోయాయి. నాలుగు నెలలు నిలబడింది. ఆగస్టు వానలకు బోదె మెత్తబడి, చెయ్యి పెడితే లోపలికి పోయింది. ఆ సంగతి చెప్పినప్పుడు మాత్రం అక్క ఫోన్లో ఏడ్చింది. ఆమె ఏడుపు నేను వినడం అదే మొదలు.

ఇసుక కుప్ప

అక్టోబరులో ఒక పొద్దున సరస వచ్చి నా బల్ల ముందు నిలబడింది.

"మేడమ్, మీరు తిట్టకూడదు. ఆ గింజలు నేను చెత్తబండిలో ఎయ్యలా."

"ఏ గింజలు?"

"ఆ గోలీ మాదిరి గింజలు. అది విషమని మీరే సొన్నారు గదా. చెత్తలో ఏస్తే మేకలు తినేసి చచ్చిపోతాయని, వెనకాల పాత ఇసక కుప్పలో పూడ్చేసినా. ఇప్పుడు ఆడ ఏందో మొలిచిండాది."

పరుగెత్తాను. యాభై ఏడేళ్ళ వయసులో చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని పరుగెత్తాను. మొలక పరీక్షలకు వాడి పారబోసిన ఇసుక కుప్ప మా చేతులు కడిగే నీళ్ళు పారే చోట ఉంటుంది. ఆ ఇసుకలోంచి చుట్ట చుట్టుకున్న లేత ఆకులు నూగుతో లేచి ఉన్నాయి. లెక్కపెట్టాను. ఏడు. మళ్ళీ లెక్కపెట్టాను. సంతోషం ముందు వచ్చింది. దాని వెనకే అక్కకు ఫోన్లో నేను చెప్పిన మాట గుర్తొచ్చింది.

ఆ సాయంత్రం ఇంటికి పోయి పుస్తకంలో ఆ తర్వాతి పేజీ తిప్పాను. అంతా అక్కడే ఉంది. సైకస్‌లో పుప్పొడి లోపలికి పోగానే పెళ్ళి కాదు. అది గొట్టంలా పెరిగి అండం పైపొరలో వేళ్ళూనుకుని నెలల తరబడి అక్కడే తింటూ ఉంటుంది. ఆ తర్వాత మగ కణాలు బయటికి వస్తాయి. వాటికి ఒంటి చుట్టూ సన్నటి నూగు వెంట్రుకలు. వాటితో ఒక చుక్క ద్రవంలో ఈదుకుంటూ పోయి లోపలున్న ఆడ కణాన్ని చేరతాయి. ఒక చెట్టులో ఈత! పైన్ లాంటివాటిలో ఈత కూడా ఉండదు, గొట్టమే మగ కణాన్ని మోసుకుపోయి వదులుతుంది. పిండానికి తిండి మాత్రం కలయికకు ముందే సిద్ధమైపోతుంది. అందుకే పుప్పొడి పడని గింజా నిండుగానే ఉంటుంది, పడిన గింజా నిండుగానే ఉంటుంది. కలిశాక కూడా పిండం నిదానంగా పెరుగుతుంది. గింజ నేల రాలేనాటికి అది కంటికి ఆనేంత కూడా ఉండకపోవచ్చు. రాలిన గింజను నెలల పాటు తడి ఇసుకలో ఉంచాలి. ఆ పని తెలియకుండానే సరస చేసింది. చదివిన నేను కోసి చంపాను.

"పిండం కనబడలేదు" అని రాసి ఉంటే సరిపోయేది. అది నిజం. "జీవం లేదు" అన్నది నేను అంటించిన తోక. ఆ తోక పట్టుకుని మునిలక్ష్మక్క తొమ్మిది నెలలు చెట్టు పిల్ల ఒక్కటీ లేదని బతికింది. ల్యాబ్‌లో మనం రాసే మాట కాగితం మీదే ఉండిపోదమ్మా. ఎవరో ఒకరు దాన్ని ఇంటికి తీసుకుపోతారు.

చెప్పడానికి పోయిన రోజు

ఫోన్లో చెప్పడం తేలిక. ఆ తేలికే వద్దనిపించింది. ఒక బకెట్లో తడి ఇసుక నింపి, ఏడు మొలకలనూ గింజలతో సహా జాగ్రత్తగా పెట్టుకుని తిరుత్తణి రైలెక్కాను. దారంతా ఏం చెప్పాలో అనుకుంటూనే పోయాను. గేటు దగ్గర పాత చెట్టున్న చోట తారు పోసి ఉంది. అది చూడగానే అనుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి.

అక్క కనకాంబరం నారుకు నీళ్ళు పోస్తోంది. బకెట్ ఆమె ముందు దించాను.

"అక్కా, ఇవి నీ చెట్టు పిల్లలు. ఆ పొద్దు జీవం లేదని చెప్పినా గదా, ఉండింది. నాకు తెలీలా. తెలీదని చెప్పకుండా లేదని చెప్పినా. పన్నెండు గింజలు నా చేత్తోనే కోసి చంపినా."

అక్క పైపు కింద పడేసింది. నీళ్ళు ఎటో పారుతున్నాయి. బకెట్ పక్కన చతికిలబడి ఒక్కొక్క మొలకనూ వేలితో తాకింది.

"ఆగస్టులో నేను ఏడస్తా ఉంటే, ఇవి ఆడ ఉండాయా?"

"ఉండాయి."

"ఎంత పాపిష్టిదానివే నువ్వు!" అని నా వీపు మీద ఒక్కటి వేసింది. గట్టిగానే వేసింది. ఆ వెంటనే నన్ను పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మొక్కలు కొనడానికి వచ్చిన మనిషి ఒకాయన ఎవరో పోయారనుకుని చెప్పులు విప్పి పక్కన నిలబడ్డాడు.

"కూసోండన్నా," అంది అక్క కళ్ళు తుడుచుకుంటూ. "చావు కాదు, పురుడు."

వెనక పొలంలో ఏడు గుంతలూ ఆమే తవ్వింది, నన్ను పార ముట్టుకోనివ్వలేదు. చివరి మొక్కకు మన్ను సర్దుతూ అడిగింది.

"దీంట్లో ఆడది ఏది, మొగది ఏది?"

"ఇప్పుడు తెలీదక్కా. కంకి లేసినప్పుడే తెలిసేది."

"ఎప్పుడు లేస్తాది?"

"పదేండ్లు పట్టొచ్చు. పదైదు గూడా పట్టొచ్చు."

అక్క నడుం మీద చెయ్యి పెట్టుకుని లేచింది. నన్ను కిందనుంచి పైదాకా, ఆవును కొనబోయేవాళ్ళు చూసినట్టు చూసింది.

"నాకిప్పుడు అరవై నాలుగు. నేను ఉండేది కష్టం. నువ్వు మాత్రం సచ్చేదానికి లేదు. చెయ్యి కాల్చుకున్నదానివి, దీని సంగతి ఇంగెవురికి తెలుసు? కంకి లేసిన రోజు నిచ్చెనెక్కి నువ్వే ఊదాల. అదే నీకు శిక్ష."

నేను రిటైరై రెండేళ్ళు దాటింది. ఏడులో ఒకటి పోయింది, ఆరు ఉన్నాయి, ఒక్కోదానికి నాలుగైదు ఆకులు. నెలకోసారి పోయి చూసి వస్తాను. పొద్దున్నే గంటసేపు నడుస్తున్నాను. ఎన్నేళ్ళుగానో డాక్టరు మొత్తుకున్నా మానని అప్పడాలు మానేశాను. బీపీ మాత్ర ఒక్కరోజు కూడా తప్పడం లేదు.